ఎవరూ అడగని పని



పొద్దున చేతికందే పాల ప్యాకెట్టు మొదలు, రాత్రి తలుపు కింద నుంచి లోపలికి జారిన కోచింగ్ సెంటరు కరపత్రం దాకా, మన చుట్టూ ఉన్న ప్రతి అచ్చు వస్తువునూ ఎవరో ఒకరు కూర్చుని గీశారు. పెద్ద కంపెనీ సరుకైతే దాని వెనక బొంబాయిలోనో బెంగళూరులోనో ఓ పెద్ద ఏజెన్సీ ఉంటుంది. మన ఊరి ఆవకాయ సీసా మీది లేబుల్, బంధువులింటి శుభలేఖ, వీధి మలుపులో కొత్తగా తెరిచిన పళ్ళ డాక్టరు గారి బోర్డు, బడి వార్షికోత్సవానికి వేసిన పుస్తకం మాత్రం చిన్న గదుల్లోంచి వస్తాయి. ముగ్గురు మనుషులు, మూడు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటరు, గోడ నిండా పాత శాంపిళ్ళు. బోర్డు మీద స్టూడియో అని ఉంటుంది. వీధిలోవాళ్ళు డీటీపీ సెంటరు అనే అంటారు.

ఇలాంటి గదుల్లో రోజూ ఒక పెనుగులాట నడుస్తుంది. బల్ల మీద రేపటికల్లా ఇవ్వాల్సిన పని ఉంటుంది. దాని పక్కనే ఎవరూ అడగనిది, ఎవరూ డబ్బివ్వనిది, చేసి చూడాలని మనసు లాగుతున్నది ఇంకొకటి ఉంటుంది. అది ఒక కొత్త అక్షరం కావచ్చు. రెండే రంగుల్లో ఒక పోస్టరు కావచ్చు. పెడన కలంకారీ దిమ్మకు నల్ల సిరా పూసి వార్తాపత్రిక కాగితం మీద అద్దితే ఏమొస్తుందో చూడాలన్న కుతూహలం కావచ్చు. ఈ పూట నేను మాట్లాడేది ఆ రెండో పని గురించి. దాన్ని ఎప్పుడు చేయాలి, దానికి డబ్బు ఎక్కడిది, చేశాక ఎవరికి చూపించాలి?

ఆ రెండో పని సరదా కోసం చేసేదనీ, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చనీ మా వృత్తిలోనే చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. ఈ వృత్తిలో మనం చూపించిన పనే మళ్ళీ మన దగ్గరికి వస్తుంది. ఒక ఆస్పత్రికి బ్రోషరు చేస్తే, అది చూసి ఇంకో ఆస్పత్రి వస్తుంది. దాన్ని చూసి స్కానింగ్ సెంటరు వస్తుంది. రెండేళ్ళు తిరిగేసరికి నీలం రంగు, తెల్ల కోటు, నవ్వుతున్న కుటుంబం తప్ప మన ఫైళ్ళలో ఇంకేమీ మిగలదు. అప్పుడు ఒక పుస్తకాల ప్రచురణకర్త వచ్చి ఫైలు తిరగేస్తే, మర్యాదగా కాఫీ తాగి వెళ్ళిపోతాడు. తప్పు ఆయనది కాదు. మనం చూపించనిదాన్ని ఆయన ఎలా అడుగుతాడు?

ఈ చిక్కు కొత్తది కాదు. దీన్ని దాటినవాళ్ళలో నాకు అందరికన్నా నచ్చినవాళ్ళు న్యూయార్కు కుర్రాళ్ళు. 1940ల చివర్లో సీమోర్ క్వాస్ట్, ఎడ్వర్డ్ సోరెల్, రేనాల్డ్ రఫిన్స్, మిల్టన్ గ్లేజర్ అనే నలుగురు కూపర్ యూనియన్ అనే కళాశాలలో కలిసి చదువుకున్నారు. చదువయ్యాక పగలు ఎవరి ఉద్యోగం వాళ్ళది. గ్లేజర్ ఇటలీ వెళ్ళి బొలోన్యాలో మొరాండీ అనే చిత్రకారుడి దగ్గర ఎచింగ్ నేర్చుకుంటున్నాడు. న్యూయార్కులో ఉన్న మిగతావాళ్ళు ఒక చిన్న పుస్తకం వేయడం మొదలుపెట్టారు. దాని పేరు పుష్ పిన్ ఆల్మనాక్. పాతకాలం అమెరికా రైతుల ఇళ్ళలో ఉండే పంచాంగం లాంటి పుస్తకాన్ని అనుకరిస్తూ, వింత విశేషాలు, చమత్కారాలు, వాటికి బొమ్మలు. దాన్ని పత్రికల్లో, ఏజెన్సీల్లో పని పంచే ఆర్ట్ డైరెక్టర్లకు పోస్టులో పంపేవారు. వేయమని వాళ్ళను ఎవరూ అడగలేదు. అయినా ఫోన్లు రావడం మొదలైంది. క్వాస్ట్‌కూ సోరెల్‌కూ ఎస్క్వైర్ పత్రికలో ఒకే రోజు ఉద్యోగం పోయింది. పదిహేడో వీధిలో వేడినీళ్ళు కూడా రాని చవక ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. 1954లో గ్లేజర్ తిరిగొచ్చాక పుష్ పిన్ స్టూడియోస్ పుట్టింది.

వరస గమనించారా? ముందు అడగని పని వచ్చింది. దాని వెనక స్టూడియో వచ్చింది.

పని దొరికాక ఆ పుస్తకం ఆపేసి ఉంటే ఈ కథ చెప్పుకోనక్కర్లేదు. వాళ్ళు ఆపలేదు. 1957 నుంచి దాన్ని పుష్ పిన్ గ్రాఫిక్ అనే పత్రికగా మార్చి, 1980 దాకా 86 సంచికలు వేశారు. ఆ కాలంలో అమెరికా ప్రకటనల్లో ఫోటోల రాజ్యం నడుస్తోంది. మంచి డిజైన్ అంటే అలంకారం లేని అక్షరాలు, కొలిచి గీసిన గడులు అని స్విట్జర్లాండు నుంచి వచ్చిన పద్ధతిని బడుల్లో పాఠంగా చెబుతున్నారు. వీళ్ళేమో పాతబడిందని అందరూ పక్కన పెట్టేసిన చెక్క అచ్చుల్నీ, వంద నూటయాభై ఏళ్ళ నాటి నగిషీలనూ, కామిక్ బొమ్మలనూ తవ్వి తీసి తమ పత్రికలో ఆడుకున్నారు. ఇలా చేయమని వాళ్ళకు చెప్పిన క్లయింటు ఒక్కడూ లేడు. పత్రికలో చూసిన తర్వాత మాత్రం, మాకూ అలాంటిదే కావాలంటూ రికార్డు కంపెనీలూ ప్రచురణ సంస్థలూ వచ్చాయి.

ఒక సంచిక గురించి చెప్పాలి. 1969లో వచ్చిన 54వ సంచిక, అమెరికా దక్షిణ రాష్ట్రాల మీద. పేజీల్లో దక్షిణాది సౌందర్యాన్ని పొగిడే పాత పద్ధతి బొమ్మలు, వాటితోపాటు పౌరహక్కుల పోరాటంలో హత్యకు గురైనవాళ్ళ ముఖాలు. పుస్తకం పేజీలన్నిటికీ అడ్డంగా ఒక రంధ్రం కోశారు, తుపాకీ గుండు దూసుకుపోయినట్టు. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ రంధ్రం ఎదురవుతుంది. ఏ సబ్బుల కంపెనీ దీనికి డబ్బిస్తుంది? ఏ బ్యాంకు ఇస్తుంది? అయినా మరుసటి ఏడాదే, 1970లో, పారిస్‌లో లూవ్ర్ ప్రాంగణంలోని అలంకరణ కళల మ్యూజియం, పుష్ పిన్ పనినంతా పిలిచి ప్రదర్శన పెట్టింది.

అడిగిన పనికీ అడగని పనికీ మధ్య వాళ్ళకు గోడ కూడా లేదు. ఆర్టోన్ అనే సిరా కంపెనీ అట్టపెట్టె కోసం క్వాస్ట్ ఒకే ఒక్క అక్షరం గీశాడు. చిక్కటి సిరా చుక్కలాగా ఒళ్ళు చేసిన ‘ఎ’ అది. కంపెనీకి కావలసింది అంతే. ఆయన ఊరుకోక మిగతా అక్షరాలు కూడా గీసుకున్నాడు. ఆర్టోన్ పేరుతోనే అదొక ఫాంటయింది. గ్లేజర్ మెక్సికో నగరంలో ఒక దర్జీ బోర్డు చూశాడు. అక్షరాలు సరిగ్గా రానివాడెవడో రాసిన ‘ఇ’ అందులో మెట్లు మెట్లుగా ఉంది. దాన్ని మనసులో పెట్టుకుని తర్వాత బేబీ టీత్ అనే అక్షరమాల గీశాడు. బాబ్ డిలన్ పాటల రికార్డుతోపాటు 1967లో లక్షల ఇళ్ళకు చేరిన పోస్టరు మీద, రంగురంగుల జుట్టు పక్కన ఆ పేరున్నది ఆ అక్షరాల్లోనే. మన లారీల వెనకా, సోడా బండ్ల మీదా అలాంటి ‘ఇ’లు ఎన్ని ఉన్నాయో, మనం రోజూ ఎన్ని దాటిపోతున్నామో లెక్క తీసినవాళ్ళు లేరు.

క్లయింటు డబ్బే ప్రయోగానికి పెట్టుబడి అయిన సందర్భాలూ ఉన్నాయి. చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1940ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో ఒక అద్దె ఇంట్లో ప్లైవుడ్డును ఒంటికి సరిపోయేలా వంచే ప్రయత్నంలో ఉన్నారు. చార్ల్స్ పగలు ఎంజీఎం సినిమా స్టూడియోలో సెట్ల విభాగంలో పనిచేసేవాడు. రాత్రి ఇంటికొచ్చి, ఇంట్లోనే తయారు చేసుకున్న యంత్రంలో చెక్క పొరలు బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టేవాడు. వాళ్ళ మనసులో ఉన్నది కుర్చీ. ఇంతలో యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికుల కాళ్ళకు కట్టే లోహపు బద్దలు కదలికకు అదిరి గాయాన్ని ఇంకా చెడగొడుతున్నాయని తెలిసి, అదే ప్లైవుడ్డుతో కాలి ఆకారంలో బద్ద చేసి చూపించారు. అమెరికా నౌకాదళం మొదట 5,000 అడిగింది. యుద్ధం ముగిసేనాటికి దాదాపు లక్షన్నర తయారయ్యాయి. చెక్కను రెండు వైపులకూ విరక్కుండా ఎలా వంచాలో ఆ ఆర్డరు ఖర్చు మీదే నేర్చుకున్నారు. 1946లో కుర్చీ బయటికి వచ్చింది. ఈ దంపతులే తర్వాత భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశం తిరిగి, 1958లో ఒక నివేదిక రాశారు. మన ఇత్తడి చెంబును అందులో ఎంతగానో మెచ్చుకున్నారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటి ఉంది.

స్టీఫన్ సాగ్‌మైస్టర్‌ది ఇంకో దారి. ఆస్ట్రియా నుంచి న్యూయార్కు వచ్చి 1993లో చిన్న స్టూడియో పెట్టుకున్న ఈయన, ఏడేళ్ళకొకసారి ఏడాదిపాటు క్లయింట్లకు తలుపు మూసేస్తూ వచ్చాడు. రిటైరయ్యాక ఎలాగూ ఖాళీగా ఉంటాం కదా, అందులోంచి ఐదేళ్ళు ముందే తెచ్చి పనిచేసే వయసులో అక్కడక్కడా పెట్టుకుందాం అన్నది ఆయన లెక్క. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఆ మొదటి ఏడాది ఏమైందో ఆయనే చెప్పాడు. ప్రణాళిక ఏమీ పెట్టుకోకపోతే ఆలోచనలు వాటంతటవే ఊరతాయనుకున్నాడు. ఊరలేదు. ఏదో పత్రికవాళ్ళు పాత పని నకళ్ళు అడిగితే అవి మూటగట్టి పంపడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, ఇలా తనకు తనే చిల్లర పనుల కుర్రాడై కూర్చున్నాడు. వెంటనే చేయాలనుకున్నవన్నీ వరసగా రాసుకుని, బడిలో ఉండే టైంటేబుల్ లాంటిది తయారు చేసుకున్నాడు. ఏ రోజు ఏ గంటకు ఏ పని. అప్పటి నుంచీ బండి నడిచింది.

ఏడాదిపాటు తలుపు మూసుకోవడం మన ఊళ్ళలో కుదిరే మాట కాదు. మూడు నెలలు ఫోను ఎత్తకపోతే మన క్లయింట్లు ఎదురింట్లో స్టూడియో వెతుక్కుంటారు. ఆయన కథలో మనకు పనికొచ్చేది సెలవు కాదు, ఆ టైంటేబుల్. ఎవరూ అడగని పనికి కూడా అడిగిన పనికి ఉన్నంత గట్టి గడువు ఉండాలి. పుష్ పిన్ పత్రికకు సంచిక నంబరు ఉంది, పంపాల్సిన చిరునామాల జాబితా ఉంది. నాకు తెలిసిన చాలా స్టూడియోల్లో ప్రయోగాల ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులో సగం గీసిన అక్షరాలు, పేరు పెట్టని ఫైళ్ళు. వాటికి గడువు లేదు, చూసేవాళ్ళు లేరు. హార్డ్ డిస్కు పోయిన రోజున వాటి కోసం ఏడ్చేవాళ్ళు కూడా ఉండరు.

డబ్బు సంగతి. కాగితం అక్కర్లేదు, వింటే చాలు. స్టూడియోలో ముగ్గురున్నారు, నెలకు 22 పనిరోజులు అనుకుందాం. మొత్తం 66 రోజులు. అద్దె, జీతాలు, కరెంటు, సాఫ్ట్‌వేరు చందాలు అన్నీ ఈ 66 రోజుల పని మీద రాబట్టాలి. మనిషికి నెలకు రెండు రోజులు చొప్పున అడగని పనికి తీసిపెడితే 60 మిగులుతాయి. అంటే ఆ 60 రోజుల పనికి రేటు పది శాతం పెంచాలి. అంతే లెక్క. ఈ పది శాతాన్ని కొటేషన్‌లో వేయడానికి మొహమాటపడితే అది ఇంకెక్కడి నుంచో పోతుంది. ఎక్కువసార్లు అందరికన్నా చిన్న ఉద్యోగి నిద్రలోంచి పోతుంది. దాన్ని మనం తపన అని పేరు పెట్టి పిలుస్తాం. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు.

రోజులు ఎక్కడ దొరుకుతాయంటే, మన పంచాంగమే దారి చూపిస్తుంది. శుభలేఖల మీద బతికే స్టూడియోకు మూఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే. ఆషాఢం కూడా అంతే అనుకుంటాం గానీ, పెళ్ళిళ్ళు ఆగిన వారంలోనే బట్టల దుకాణాలవాళ్ళు డిస్కౌంటు ఫ్లెక్సీల కోసం దిగుతారు. ఎన్నికలొస్తే ఇక చెప్పేదేమీ లేదు. అయినా ఎవరి పనికి ఏ నెలలో ఊపు తగ్గుతుందో వాళ్ళకు తెలుసు. ఆ వారాల్ని బకాయిల కోసం ఫోన్లు చేయడంతోనే సరిపెట్టకుండా అడగని పని పేరున ముందే రాసి పెట్టుకోవచ్చు.

మన అక్షరాల విషయంలో ఈ అడగని పని ఎంత చేసిందో చెప్పకుండా ఉండలేను. డీటీపీ మొదలైనప్పటి నుంచీ మన కరపత్రాలన్నీ ఇంచుమించు అవే అను ఫాంట్లలో నడిచాయి. లావుపాటి తెలుగు అక్షరం కావాలంటే ఉన్నదానికే చుట్టూ గీత పెంచేవాళ్ళం. ఇంగ్లీషు హెచ్‌ను లావు చేస్తే నిలువు గీతలు పక్కలకు పెరుగుతాయి, అంతే. మన ‘ఘ’ను అలా పెంచితే లోపలి గుంటలు పూడుకుపోతాయి. ‘స్త్రీ’ అని రాస్తే కింద ఒత్తులు వచ్చి పై వరసకూ కింది వరసకూ మధ్య చోటంతా మింగేస్తాయి. దీన్ని సరిగా పరిష్కరించాలంటే ఒక్కో ఒత్తునూ మళ్ళీ గీయాలి. ఫలానా దుకాణం ఫ్లెక్సీ కోసం ఎవరు దీనికి డబ్బిస్తారు? ముంబైలో ఏక్ టైప్ అనే చిన్న బృందం దీన్ని నెత్తికెత్తుకుంది. బాలూ అని పిలిచే వాళ్ళ బొద్దు అక్షరాలు ప్రధాన భారతీయ లిపుల్లో అన్నదమ్ముల్లా వచ్చాయి. తమిళానికి బాలూ తంబి, మలయాళానికి బాలూ చేట్టన్, పంజాబీకి బాలూ పాజీ, మనకేమో బాలూ తమ్ముడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అహ్మదాబాదులో 2009లో మొదలైన ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ళు హింద్ అనే కుటుంబంలో తెలుగు అక్షరాలకు హింద్ గుంటూరు అని పేరు పెట్టారు. ఈ పేర్లు పెట్టేటప్పుడు వాళ్ళు కాస్త నవ్వుకునే ఉంటారని నా అనుమానం.

ఇక్కడొక హెచ్చరిక. ప్రయోగం చేయాలన్న ఉబలాటంతో క్లయింటు దుకాణాన్ని ప్రయోగశాల చేసుకునేవాళ్ళను చూస్తుంటాను. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఒకావిడ తను దాచుకున్న డబ్బుతో లేబుల్ చేయించుకోవడానికి వచ్చింది అనుకోండి. సీసా మీద మామిడికాయ కనిపించకుండా నల్ల రంగు మీద వెండి గీత ఒకటి గీసి, ఇది ఆధునికం అంటే, అవార్డు మనకొస్తుంది, సీసాలు ఆవిడ అరలో మిగిలిపోతాయి. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. అదే సమయంలో ప్రతి పనిలోనూ క్లయింటు కన్ను పడని మూల ఒకటి ఉంటుంది. సినిమా పోస్టరు మీద హీరో ముఖం ఎంత పెద్దగా ఉండాలో నిర్మాత చెబుతాడు. టైటిల్ అక్షరాల వంపు గురించి అంతగా పట్టించుకోడు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి వేలకొద్దీ సినిమాలకు పనిచేసిన ఈశ్వర్ లాంటి పోస్టర్ చిత్రకారుల పనితనం ఆ మూలలోనే వెలిగింది. బాపు గారు పత్రిక కథకు బొమ్మ వేయమంటే బొమ్మతో ఆగకుండా శీర్షికనూ తన చేత్తోనే రాశారు. ఆ చేతిరాత తర్వాత ఫాంటయి, ఇవాళ శుభలేఖల మీద తిరుగుతోంది.

క్లయింటు వద్దన్న నమూనాల విషయం కూడా ఇందులోదే. మూడు చూపిస్తాం, ఒకటి తీసుకుంటారు. మిగతా రెండు ఎవరివి? విదేశాల్లో స్టూడియోలు ఒప్పందంలోనే రాసుకుంటాయి, తీసుకోనివి మావేనని. మన దగ్గర ఒప్పందమంటే వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు. కనీసం ఆ బొటనవేలుకు ముందు ఒక వాక్యం టైపు చేసి పంపితే నష్టం లేదు. మంచి పనులు కొన్ని వద్దన్నవాటిలోనే ఉంటాయి.

మరి మన దగ్గర పుష్ పిన్ ఆల్మనాక్ లాంటిది వేయాలంటే ఏది? వెతకనక్కర్లేదు, ఉంది. క్యాలెండరు. ప్రతి జనవరికీ ప్రతి ప్రెస్సూ, ప్రతి స్టూడియో తన ఖాతాదారులకు ఒకటి పంచుతుంది. శివకాశి నుంచి తెప్పించిన వేంకటేశ్వరుడి బొమ్మ, కింద మన పేరు, ఫోను నంబరు. స్వామివారి మీద నాకు భక్తి ఉంది గానీ, ఆ గోడ మీద మన చేతిపని ఒక్క గీత కూడా లేదు. పన్నెండు నెలలు, పన్నెండు కాగితాలు. ఒక నెల కలంకారీ దిమ్మ, ఒక నెల సోడా బండి అక్షరం, ఒక నెల క్లయింటు వద్దన్న లోగో. తిథులు, వర్జ్యాలు, గ్యాస్ బుకింగ్ రాసుకునే గళ్ళు మాత్రం పెద్దవిగా, స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని గోడకు తగిలించనివ్వరు, అది న్యాయమే. గడువు గురించి బెంగ లేదు. డిసెంబరు మొదటి వారానికి ఫైలు ప్రెస్సుకు వెళ్ళాలి, జనవరి 1 మన కోసం ఆగదు. ఏ మార్చి నెలలోనో ఆ కాగితం చూసి ఎవరో ఫోను చేస్తారు. వాళ్ళు ఏమంటారో నాకు ముందే తెలుసు: “అండీ, అచ్చం ఇలాంటిదే మాకూ కావాలి. మా లోగో మాత్రం కాస్త పెద్దగా పెడతారా?” పెడతామని చెప్పండి. సగం అడ్వాన్సు తీసుకోండి.